దిగులు మందు

మా ఆవిడకి దిగులు పుట్టించాలని నేను పడ్డ పాట్లు మీకు చెప్పనే లేదు కదూ? నవ్వకండి. పెళ్లయిన మగవాడికి అదేం పెద్ద పని, రోజూ వేళకి ఇంటికి వస్తే చాలు కదా అంటారు. నేనూ అలాగే అనుకుని దిగాను.

ముందు మా ఆవిడ సంగతి చెప్పాలి. ఆవిడ రఫూ పని చేస్తుంది. చిరిగిన కోటో, కాలిన శాలువో తెచ్చిస్తే, ఆ బట్ట అంచులోంచే దారం లాగి, దాంతోనే చిరుగుని నేసేస్తుంది. తర్వాత ఆ చిరుగు ఎక్కడుందో చింపినవాడు కూడా చెప్పలేడు. వీధి వైపు గదిలో కిటికీ పక్కన ఆవిడ కుర్చీ. పొద్దున్నే అందులో కూర్చుందంటే సూదీ నోరూ ఒకేసారి పని మొదలుపెడతాయి. వచ్చినవాళ్లతో కబుర్లు, మధ్యమధ్య నవ్వు. ఆ నవ్వుకి ఎదురింటి కుక్క ఉలిక్కిపడి లేచి మొరిగి, ఓహో ఈవిడేనా అనుకుని మళ్లీ పడుకుంటుంది.

అలాంటి మనిషికి చేతి నొప్పి పట్టుకుంది. బొటనవేలి దగ్గర మొదలై మోచేతి దాకా నిప్పు పాకినట్టుగా ఉండేదట. సూది జారిపోయేది. ఒకరోజు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆ కుర్చీలో ఊరికే కూర్చుని ఉంది. ఒళ్లో ఎవరిదో కోటు, సూదిలో ఎక్కించిన దారం ఎక్కించినట్టే ఉంది. నన్ను చూసి నవ్వబోయింది గాని నవ్వు రాలేదు. నాకు ప్రాణం ఉసూరుమంది. పైకి మాత్రం "ఏం, ఇవాళ సెలవా?" అన్నాను. నాకు చేతనైన ఓదార్పు అంతే.

నరాల డాక్టరు మొదట ఒక మందు ఇచ్చాడు. దాంతో నిద్ర వచ్చింది, నొప్పి పోలేదు. రెండో మందు ఇచ్చాడు. కడుపులో తిప్పింది, నొప్పి పోలేదు. మూడోసారి తన బల్ల సొరుగులోంచి కంపెనీవాళ్లు ఉచితంగా ఇచ్చిన మాత్రలు తీసి చేతిలో పెట్టాడు.

"ఇది దిగులు జబ్బుకి ఇచ్చే మందమ్మా."

"నాకు దిగులు లేదండీ."

"నాకు తెలుసమ్మా. దీన్ని తయారుచేసినవాళ్లు దిగులుకి అని అనుమతి తెచ్చుకున్నారు. తీరా చూస్తే నరాల నొప్పికీ బాగా పనిచేస్తోంది. దానికోసం మళ్లీ అనుమతి తెచ్చుకునే ఓపిక వాళ్లకి లేదు. అందుకని డబ్బా మీద దిగులు అనే ఉంటుంది. మేం మాత్రం నొప్పికి రాస్తూనే ఉంటాం."

"డబ్బా మీద ఏముంటే నాకేంటి లెండి. నా చెయ్యి చదవదుగా!" అంది మా ఆవిడ.

మందు పనిచేసింది. కొద్దిరోజులకి ఆవిడ మళ్లీ కుర్చీలో కూర్చుంది, సూది పట్టింది, నవ్వింది. ఎదురింటి కుక్క మొరిగింది. కుక్క మొరిగితే పొంగిపోయిన మనిషి మా వీధి మొత్తానికి నేనొక్కణ్ణే.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఉచితం మాత్రలు అయిపోవచ్చాయి. షాపులో వాటి ధర వింటే దిగులు లేనివాళ్లకి కూడా అప్పటికప్పుడు వచ్చేస్తుంది. మా ఇంటిల్లిపాదికీ ఇన్సూరెన్సు ఉంది కదా అని వాళ్లకి రాశాను. వాళ్ల దగ్గర్నుంచి జవాబు వచ్చింది: "ఈ మందు దిగులు అనే వ్యాధికి మాత్రమే ఉద్దేశించబడినది. తమ భార్యకు ఆ వ్యాధి లేదు. కావున చెల్లించజాలము. అభ్యంతరమున్నచో తెలియజేసిన యెడల మా పరిశీలకుడు స్వయంగా వచ్చి చూడగలడు."

ఆ ఉత్తరం చదువుతుంటే నా చేతిరాత నేనే చూసుకున్నట్టు అనిపించింది. ఎందుకంటే నా ఉద్యోగమూ అదే. నేను బట్టలుతికే యంత్రాల కంపెనీలో వారంటీ సెక్షన్‌లో ఉంటాను. యంత్రం పాడైందని ఎవరు రాసినా, ఎందుకు బాగుచెయ్యమో వాళ్లకి మర్యాదగా రాయడం నా పని. ఆ వారమే ఒక హోటలాయన యంత్రంలో బంగాళాదుంపలు కడిగి పాడుచేసుకుంటే, "ఉద్దేశించిన పనికి గాక ఇతర పనికి వాడినందున" అని అచ్చు ఇవే మాటలు రాసి పంపాను. మా ఆవిడ చెయ్యి, వాళ్ల లెక్కలో, ఆ బంగాళాదుంపలన్నమాట.

"నువ్వేం కంగారుపడకు. ఇలాంటి ఉత్తరాలు రాసేవాణ్ణి నేనే. వీళ్ల కిటుకులన్నీ నాకు తెలుసు," అన్నాను.

"మీ ఉత్తరాల మీద ఎదురు తిరిగి గెలిచినవాళ్లు ఉన్నారా?" అంది.

"ఒక్కడూ లేడు!"

"అయితే మీకు తెలిసింది గెలవనివ్వకపోవడం. గెలవడం కాదుగా?"

నేను దగ్గాను. ఇలాంటప్పుడు దగ్గు మంచిది.

"డాక్టరు గారు కూడా వాళ్లకి ఏదో రాసి పంపుతానన్నారండీ. మనం ఊరుకుంటే..."

"ఆయన రాత మందుల షాపువాడికే అర్థం కాదు, ఇన్సూరెన్సువాడికి ఏం అర్థమవుతుంది? ఈ వ్యవహారం నువ్వు నాకు వదిలెయ్."

"సరే, వదిలేశాను," అంది. ఆవిడ అంత తేలిగ్గా వదిలేసినప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

నాకు అభ్యంతరం ఉందని ఆ రాత్రే ఇన్సూరెన్సువాళ్లకి రాసి పంపాను. నా పథకం చాలా సింపుల్. దిగులు ఉంటేనే మందు ఇస్తామంటున్నారు. కాబట్టి పరిశీలకుడు వచ్చేసరికి మా ఆవిడకి దిగులు ఉండాలి.

"ఆయన వచ్చినప్పుడు కాస్త దిగులుగా కూర్చో," అన్నాను.

"లేనిది ఉందని నేను చెప్పనండీ. పైగా నవ్వొస్తుంది."

"గంటసేపు నవ్వు ఆపుకోలేవా?"

"మీరు ఎదురుగా లేకపోతే ప్రయత్నిస్తాను."

మా ఆవిడతో వచ్చిన చిక్కే ఇది. అబద్ధం ఆడదు. కూరగాయల కొట్టువాడు చిల్లర ఎక్కువిస్తే ఎండలో నడిచి వెళ్లి తిరిగిచ్చి వస్తుంది. అప్పుడు నా బుర్రలో ఒక మెరుపు మెరిసింది. అబద్ధం ఆడనంటోంది, ఆడొద్దు. నిజంగానే దిగులు పుట్టించేస్తే పోలా? అప్పుడు ఆవిడ నిజమే చెప్తుంది, ఇన్సూరెన్సువాడు నిజమే రాసుకుంటాడు, మందు నిజంగానే వస్తుంది. ఎవరికీ పాపం లేదు. ఇంత నీతిగల మోసం నా సర్వీసులో నేను చూడలేదు.

మర్నాడు పొద్దున్నే మొదలుపెట్టాను. కాఫీ ఒక గుక్క తాగి మొహం అదోలా పెట్టాను.

"ఇది కాఫీయేనా? గిన్నెలు కడిగిన నీళ్లలా ఉంది."

కళ్లలో నీళ్లు తిరుగుతాయని ఓరగా చూశాను. ఆవిడ మొహం వెలిగిపోయింది.

"అలాగా? అయితే రేపట్నుంచి మీరే పెట్టండి. నా చేతికీ కాస్త విశ్రాంతి!"

ఆ రేపటి నుంచి ఇవాళ్టి వరకు మా ఇంట్లో కాఫీ నేనే పెడుతున్నాను. ఆవిడ తాగి "బాగుందండీ" అంటుంది. అబద్ధం ఆడని మనిషి అని చెప్పాను కదా, కాఫీ దగ్గర మాత్రం కొంచెం సడలింపు ఇచ్చినట్టుంది.

తర్వాత ఇంకాస్త పదునైన బాణం తీశాను. "నువ్వు ఈ మధ్య బాగా లావయ్యావు సుమా," అన్నాను. ఈ మాటకి చెక్కుచెదరని ఆడమనిషి భూమ్మీద లేదని మా ఆఫీసులో అందరూ అంటారు.

"నాకూ అదే అనిపిస్తోందండీ. నా కోటు బిగుతైపోయింది. మీ ఉన్ని కోటు వదులుగా ఉంటుంది కదా, అది వేసుకుంటాను," అని అప్పుడే తీసి తొడుక్కుంది. చలికాలం. నేను ఆఫీసుకి చేతులు చంకల్లో పెట్టుకుని వెళ్లాను.

ఆ తర్వాత ఒక ఏడుపు సినిమా తెచ్చి పెట్టాను. తల్లి పోయింది, తండ్రి పోయాడు, ఆఖరికి గుర్రం కూడా పోయింది. గుర్రం పోయినప్పుడు నేను తట్టుకోలేకపోయాను. మా ఆవిడ నా వీపు నిమురుతూ "ఊరుకోండి, అది ఉత్తుత్తి గుర్రమండీ," అని రుమాలు ఇచ్చింది.

ఇక లాభం లేదని ఆఖరి అస్త్రం తీశాను. మా అక్కయ్యకి ఫోన్ చేశాను.

మా అక్కయ్యని చుట్టాలందరూ తనిఖీ అంటారు, ఆవిడ వినకుండా. ఎవరింటికి వెళ్లినా ముందు ద్వారబంధం పైన వేలితో గీసి, దుమ్మంటిన ఆ వేలు ఇంటావిడకి చూపించి, తర్వాత కుశలం అడుగుతుంది. కిందటిసారి వచ్చి వెళ్లాక మా ఆవిడ పూటంతా పడుకుంది. "అక్కయ్యా, నిన్ను చూడాలని ఉంది, కొన్నాళ్లు ఉండేలా రా," అన్నాను. "ఎవరినీ, నన్నేనా?" అని రెండుసార్లు అడిగింది. పుట్టి బుద్ధెరిగి తనని ఉండమని ఎవరూ అనలేదు పాపం.

తనిఖీ పెట్టెతో దిగింది. కానీ ఈసారి వేలు ఎత్తలేదు. పెట్టెలోంచి మా బావగారి పాత శాలువా తీసింది. ఆయన పోయి చాలా ఏళ్లయింది. శాలువా మధ్యలో పురుగు కొట్టి ఇంత చిల్లు.

"పారెయ్యమంటున్నారు అమ్మాయ్ అందరూ," అంది మా ఆవిడతో, గొంతు ఎప్పటిలా లేకుండా.

మా ఆవిడ శాలువా తీసుకుని కిటికీ దగ్గర కూర్చుంది. మిగిలిన మాత్రలు వేసుకుంటూ రెండు పూటలు దాని మీదే ఉంది. ఇచ్చాక అక్కయ్య దాన్ని వెలుగులో పెట్టి చూసింది, తిరగేసి చూసింది, వేలితో తడిమి చూసింది. చిల్లు ఎక్కడుందో దొరకలేదు. తనిఖీకి ఏమీ దొరక్కపోవడం అదే మొదలు. మా ఆవిడని కావలించుకుని భోరుమంది.

ఆ క్షణం నుంచి వాళ్లిద్దరూ ఒక పార్టీ. తనిఖీ మాత్రం ఆగలేదు, నా మీదికి తిరిగింది.

"ఒరేయ్ తమ్ముడూ, ఈ కాఫీ ఎవడు పెట్టాడురా?"

"నేనే అక్కయ్యా."

"ఎందుకూ?"

నేను కప్పులు తీసుకుని వంటింట్లోకి తప్పుకున్నాను. పడకగది వదినామరదళ్లకి వెళ్లిపోయింది. నేను సోఫాలో, మోకాళ్ల కింది భాగమంతా గాల్లో. నా చిన్నప్పటి ఘనకార్యాలన్నీ లోపల అక్కయ్య చెప్పడం, మా ఆవిడ పగలబడి నవ్వడం, కుక్క మొరగడం. నాకు నిద్ర కరువైంది. ఆకలి పోయింది. గడ్డం గీసుకోవడం మానేశాను. ఆఫీసులో పరధ్యానంలో ఆ బంగాళాదుంపల హోటలాయనకి కొత్త యంత్రం మంజూరు చేస్తూ సంతకం పెట్టేశాను. ఆయన నాకు కృతజ్ఞతగా ఒక బస్తా బంగాళాదుంపలు పంపాడు.

ఈలోగా మాత్రలు ఆఖరివి కొన్నే మిగిలాయి. అప్పుడు వచ్చాడు పరిశీలకుడు.

ఆడవాళ్లిద్దరూ వంటింట్లో ఉన్నారు. నేను ముందే పరదాలు మూసేసి, కిటికీలో పూలకుండీ దాచేసి, గదిని వీలైనంత శోకంగా తయారుచేశాను. ఆయన పొడుగ్గా, సన్నగా, వంగిన గొడుగులా ఉన్నాడు. ఏం చెప్పినా మధ్యలో "కానీ" అని ఆగేవాడు. మనసులో ఆయనకి కానీగారని పేరు పెట్టేశాను.

"మీ ఇల్లు బాగుందండీ, కానీ... చీకటిగా ఉంది."

"మా ఆవిడకి వెలుగు గిట్టదండీ. మనుషులన్నా గిట్టదు. దిగులు."

అప్పుడే వంటింట్లోంచి నవ్వు వినిపించింది. కుక్క మొరిగింది.

"అదేంటి?" అన్నాడు కానీగారు.

"ఏడుపండీ. ఒక్కొక్కళ్ల ఏడుపు అలా ఉంటుంది."

"ఆవిడకి నిద్ర పడుతోందా?"

"ఎక్కడిదండీ? కాళ్లు చాపుకునే చోటే లేదు."

"ఆకలి?"

"ఆ కాఫీ తాగాక ఇంకేం ఆకలి?"

"పనిమీద శ్రద్ధ?"

"పూర్తిగా పోయింది. ఎవరికి ఏం మంజూరు చేస్తున్నామో కూడా తెలియడం లేదు."

కానీగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇది చాలా ఇబ్బందైన సంగతి," అన్నాడు.

"చాలా ఇబ్బందండీ!" అన్నాను ఉత్సాహంగా.

"మీ ఆవిడని చూసే డాక్టరు గారు మాకు వివరంగా రాశారు. ఇంతకుముందు రెండు మందులు వాడి చూశాం, పనిచెయ్యలేదు, ఈవిడకి దిగులు లేదు, నరాల నొప్పే, ఈ మందు దానికి పనిచేస్తుందని ఫలానా చోట్ల తేలింది, అన్నారు. మా పెద్దవాళ్లు చదివి, సరే, నొప్పికే ఇచ్చేద్దాం అన్నారు. నేను ఊరికే ఒకసారి చెయ్యి చూసి పోదామని వచ్చాను. కానీ... మీరు దిగులంటున్నారు."

నేను సోఫా అంచుకి జరిగాను.

"దిగులే అయితే డాక్టరు రాసింది అబద్ధం. నొప్పే అయితే మీరు చెప్పింది అబద్ధం. అబద్ధం ఉన్నదాన్ని నేను కొట్టెయ్యాలండీ. వేరే దారి లేదు."

అప్పుడే మా ఆవిడ, అక్కయ్య గదిలోకి వచ్చారు. మా ఆవిడ నా కోటు తొడుక్కుని, చెంపలు ఎర్రగా, ఇంకా నవ్వు ఆరని మొహంతో ఉంది.

"అమ్మా, మీకు దిగులుగా ఉంటోందా?" అని అడిగాడు కానీగారు.

"నాకు దిగులా? ఎవరన్నారు?" అంటూ పరదాలు చూసింది, పూలకుండీ లేని కిటికీ చూసింది, నన్ను చూసింది. అంతా అర్థమైపోయింది. కోపం తెచ్చుకుంటే బాగుండేది. కోపం రాలేదు. కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుంది. ఆ మొహంలో భయం చూడటం నాకు అదే మొదటిసారి. దిగులు పుట్టించాలని ఇన్నాళ్లు నానా గడ్డీ కరిచానా, ఆ ఒక్క క్షణం అది నిజంగా పుట్టేసరికి నేను భరించలేకపోయాను.

"దిగులు నాకండీ!" అన్నాను.

"మీకా? నేను అడిగింది ఆవిడ గురించి కదా?"

"దిగులు మనిషిని కదండీ. ఎవరి సంగతి అడుగుతున్నారో కూడా తెలియడం లేదు."

కానీగారు నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. గడ్డం, నలిగిన చొక్కా, చలికి ముడుచుకున్న చేతులు. అక్కయ్య వెంటనే అందుకుంది.

"నిజమే బాబూ. వీడు సరిగా పడుకోవడం లేదు. తిండి లేదు. మొన్న సినిమాలో గుర్రం పోయిందని వెక్కి వెక్కి ఏడ్చాడట. మీరే ఏదైనా చెయ్యాలి."

"అవునండీ," అంది మా ఆవిడ మెల్లగా. "ఈ మధ్య మా ఆయన మనిషి మనిషిలా లేరు. కాఫీ బాగాలేదంటారు. లావయ్యావంటారు. పగలు కూడా పరదాలు మూసేస్తారు. ఎందుకో చెప్పరు."

ప్రతి మాటా నిజం. ఒక్క అబద్ధం ఆడకుండా మా ఆవిడ నన్ను రోగిని చేసేసింది.

తర్వాత ఆవిడే పరదా తీసి, వెలుగులో కూర్చుని చెయ్యి చాపింది. నొప్పి ఎక్కడ మొదలయ్యేదో, ఎంత దూరం పాకేదో, మాత్ర వేసుకున్నాక ఎలా తగ్గిందో చెప్పింది. కానీగారు రాసుకున్నాడు. అన్నీ సరిపోయాయన్నాడు. మందు వస్తుందన్నాడు. నేను గట్టిగా ఊపిరి వదిలాను.

"కానీ..." అన్నాడు.

వదిలిన ఊపిరి మళ్లీ లోపలికి పోయింది.

"మీ పాలసీలో మీవారు కూడా ఉన్నారు కదమ్మా. ఇంత తీవ్రమైన దిగులు కళ్లారా చూసి నేను ఊరికే పోకూడదు. మా ఆఫీసులో దిగులు మనుషులకి ప్రతి గురువారం సాయంత్రం సమావేశం ఉంటుంది. ఆయన పేరు రాస్తున్నాను. మానకుండా పంపించండి."

"నేను చూసుకుంటానులే బాబూ," అంది తనిఖీ.

ఆయన వెళ్లాక పూలకుండీ తెచ్చి మళ్లీ కిటికీలో పెట్టాను.

"డాక్టరు రాశారని నీకు ముందే తెలుసా?" అన్నాను.

"రాస్తానన్నారని మీకు చెప్పానుగా. మీరే కదా వదిలెయ్యమన్నారు!"

"మరి నేను ఇన్ని పాట్లు పడుతుంటే చూస్తూ ఊరుకున్నావా?"

"నన్ను బాధపెట్టడానికి ఒక మనిషి పాపం అంత కష్టపడుతుంటే, ఆపడానికి మనసొప్పలేదండీ," అంది. ఆవిడ కళ్లలో అప్పుడు నీళ్లు తిరిగాయి. కాఫీ రోజు నేను ఎదురుచూసిన నీళ్లే గాని, ఆ జాతివి కావు.

గురువారం వెళ్లాను. గుండ్రంగా వేసిన కుర్చీల్లో పదిమంది దిగులు మనుషులు. మధ్యలో ఒక మెత్తటి గొంతు డాక్టరమ్మ. అందరూ ఒక్కొక్కరే తమ దిగులుకి కారణం చెప్పుకుంటున్నారు. ఒకాయన ఉద్యోగం పోయిందన్నాడు. ఒకావిడ కొడుకు మాట్లాడటం లేదంది. విని నాకు నిజంగానే మనసు కరిగింది. నా వంతు వచ్చింది.

"మీ దిగులుకి కారణం ఏంటండీ?" అంది డాక్టరమ్మ.

వాళ్ల ముందు అబద్ధం ఆడబుద్ధి కాలేదు.

"మా ఆవిడకి దిగులు లేకపోవడమండీ," అన్నాను.

ఉద్యోగం పోయినాయన లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. డాక్టరమ్మ చాలాసేపు ఏదో రాసుకుని, "మీరు వారానికి రెండుసార్లు రావాల్సి ఉంటుంది," అంది.